పది నిమిషాల మాంచెస్టర్: 'స్పైరల్ స్క్రాచ్' ఏడంగుళాల రికార్డు సమీక్ష

మాంచెస్టర్ నగరానికి చెందిన బజ్‌కాక్స్ బృందం 1977 జనవరి 29న 'స్పైరల్ స్క్రాచ్' పేరుతో నాలుగు పాటల ఏడంగుళాల రికార్డును విడుదల చేసింది. ఒక పంక్ (1970లలో వచ్చిన వేగమైన, ముతక రాక్ సంగీతం) బృందం ఏ కంపెనీ గడపా తొక్కకుండా, తానే డబ్బు కూడగట్టి అచ్చు వేయించి అమ్ముకున్న రికార్డుల్లో బ్రిటన్ వరకు ఇదే మొదటిదిగా లెక్కిస్తారు. నలభై ఏళ్లు నిండిన సందర్భంగా 2017లో డొమినో సంస్థ దీన్ని పాత అట్టతోనే మళ్లీ విడుదల చేసింది. నేను విజయనగరానికి తెప్పించుకున్నది ఆ పునర్ముద్రణ ప్రతినే. సమీక్ష ఆ ప్రతి గురించే అయినా, ఈ రికార్డు విషయంలో వస్తువునూ అది పుట్టిన ఊరినీ విడదీయడం కుదరదు కనుక 1976 నాటి మాంచెస్టర్ గురించి కొంత వివరంగానే చెప్పవలసి ఉంది.

రికార్డు ఆకారం మన ఇళ్లకు కొత్తది కాదు. 1960లలో, 70లలో తెలుగు సినిమా పాటలు కూడా ఇలాగే ఏడంగుళాల ఈపీలుగా, ఒక్కో వైపు రెండేసి పాటల చొప్పున వచ్చేవి. పాత బీరువాల అడుగున అవి ఇంకా దొరుకుతూనే ఉన్నాయి. ఇందులోనూ అంతే: మొదటి వైపు 'బ్రేక్‌డౌన్', 'టైమ్స్ అప్', రెండో వైపు 'బోర్‌డమ్', 'ఫ్రెండ్స్ ఆఫ్ మైన్'. అన్నీ కలిపి పది నిమిషాలకు కాస్త అటూ ఇటూ. ఈ పది నిమిషాలకు రికార్డు ధర, రవాణా, దిగుమతి సుంకం కలిపి నాకు మూడు వేల రూపాయలకు దగ్గరగా ఖర్చయింది. అందులో రికార్డు అసలు ధర సగం కూడా లేదు. పైగా పార్సిల్ చేతికి వచ్చేసరికి అట్ట ఒక మూల మడత పడి ఉంది. తెచ్చినవారిని అడిగితే పంపినవారి మీద, పంపినవారిని అడిగితే తెచ్చినవారి మీద చెప్పారు. విదేశాల నుంచి రికార్డులు తెప్పించుకునేవారు రెండు అట్టముక్కల మధ్య పెట్టి పంపమని ముందుగానే రాసుకోవడం మంచిది.

మాంచెస్టర్ అనగానే మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో పెద్దవాళ్లకు గుర్తుకొచ్చేది మిల్లు బట్ట. పొందూరులో కొండపత్తిని వాలుగ చేప దవడతో శుభ్రం చేసి సన్నని నూలు వడికే ఇళ్లలో ఆ ఊరి పేరు పోటీదారు పేరుగానే తెలుసు. కుర్రకారుకైతే ఆ పేరు ఫుట్‌బాల్ జట్లది. ఈ రెండింటి నడుమ మనకు అంతగా తెలియని మాంచెస్టర్ ఒకటి ఉంది: మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడి, పాత ఇళ్లను కూలగొట్టి కట్టిన కాంక్రీటు భవంతులు కొన్నేళ్లకే పాడుబడుతూ, చదువు ముగించిన కుర్రవాళ్లకు పని దొరకని 1970ల మాంచెస్టర్. 1976 నాటికి బ్రిటన్‌లో నిరుద్యోగులు పది లక్షలు దాటారు. నెల్లిమర్లలో జూట్ మిల్లు గేటు మూసిన రోజులు చూసినవారికి ఆ ఊరి వాతావరణాన్ని ఊహించుకోవడం కష్టం కాదు. ఇక్కడ అవి ఎమర్జెన్సీ రోజులు. ఈ రికార్డు అక్కడి దుకాణాలకు చేరే నాటికి ఎన్నికలు జరుపుతామన్న ప్రకటన వచ్చి పదకొండు రోజులయింది.

కథ ఒక పత్రికా సమీక్షతో మొదలవుతుంది. బోల్టన్‌లోని సాంకేతిక విద్యాలయంలో చదువుతున్న హవర్డ్ ట్రాఫర్డ్, పీటర్ మెక్‌నీష్ అనే ఇద్దరు విద్యార్థులు 1976 ఫిబ్రవరిలో న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్ పత్రికలో సెక్స్ పిస్టల్స్ అనే లండన్ బృందం కచేరీ గురించి చదివారు. చదివి ఊరుకోలేదు. కారు తీసుకుని దక్షిణాదికి బయలుదేరి, హై వికమ్‌లో ఒక రాత్రి, వెల్విన్ గార్డెన్ సిటీలో మరుసటి రాత్రి ఆ బృందాన్ని విన్నారు. తిరిగి వచ్చి పేర్లు మార్చుకున్నారు: ట్రాఫర్డ్ హవర్డ్ డివోటో అయ్యాడు, మెక్‌నీష్ పీట్ షెల్లీ అయ్యాడు. టైమ్ అవుట్ పత్రికలో ఒక టీవీ ధారావాహిక మీద వచ్చిన వ్యాసంలోని మాటల నుంచి తమ బృందానికి పేరు ఏరుకున్నారు. (సమీక్షలు రాసేవాడిగా నాకు ఈ భాగం ఎంతో ఇష్టం. ఒక సమీక్ష చదివినవాణ్ణి కుర్చీలోంచి లేపి రెండు వందల మైళ్లు నడిపించడం తరచుగా జరిగేది కాదు.)

లండన్ బృందాన్ని తమ ఊరికి రప్పించడానికి వాళ్లు అద్దెకు తీసుకున్న చోటు లెస్సర్ ఫ్రీ ట్రేడ్ హాల్. ఆ భవనం నిలిచిన స్థలానికి పెద్ద చరిత్రే ఉంది. 1819లో ఓటు హక్కు కోసం గుమిగూడిన జనం మీదికి గుర్రపు దళాన్ని తోలిన సెయింట్ పీటర్స్ ఫీల్డ్ అదే. విదేశీ ధాన్యంపై సుంకాలు విధించే చట్టాలను 1846లో రద్దు చేసిన సందర్భానికి గుర్తుగా 1850లలో అక్కడ హాలు కట్టి, స్వేచ్ఛా వాణిజ్యం పేరే దానికి పెట్టారు. 1966లో జానపద శైలి గాయకుడు బాబ్ డిలన్ ఎలక్ట్రిక్ గిటారు పట్టినందుకు శ్రోత ఒకడు 'జూడాస్' (క్రీస్తును పట్టిచ్చిన ద్రోహి పేరు) అని అరిచింది అక్కడి పెద్ద హాలులో. డివోటో, షెల్లీ తీసుకున్నది మేడ మీద ఉన్న చిన్న హాలు. 1976 జూన్ 4న జరిగిన ఆ కచేరీకి టికెట్టు 50 పెన్నీలు. హాలు నిండలేదు. ఆ రాత్రి అక్కడే ఉన్నామని తర్వాతి కాలంలో చెప్పుకున్నవాళ్లందరూ నిజంగా వచ్చి ఉంటే మాత్రం పెద్ద హాలు కూడా చాలేది కాదని ఆ ఊళ్లో ఇప్పటికీ నవ్వుకుంటారు.

నిజంగా వచ్చినవారిలో పీటర్ హుక్ ఉన్నాడు. మరునాడే 35 పౌండ్లు పెట్టి బేస్ గిటారు కొన్నాడు. అతడూ, అదే రాత్రి అక్కడున్న అతని స్నేహితుడు బెర్నార్డ్ సమ్నరూ కలిసి మొదలుపెట్టిన బృందమే తర్వాత జాయ్ డివిజన్ అయింది. స్టీవ్ డిగుల్ వేరే ఎవరినో కలుసుకుందామని హాలు ముందుకు వస్తే, సెక్స్ పిస్టల్స్ వ్యవహారాలు చూసే మాల్కమ్ మెక్‌లారెన్ పొరపాటున అతణ్ణి లోపలికి తీసుకెళ్లి షెల్లీకి పరిచయం చేశాడు. బజ్‌కాక్స్‌కు బేస్ వాయించేవాడు అలా దొరికాడు. నిర్వాహకులైన డివోటో, షెల్లీల బృందం ఆ రాత్రికి ఇంకా సిద్ధం కాలేదు కనుక వేరే స్థానిక బృందాన్ని ముందు వాయించమన్నారు. జూలై 20న అదే హాలులో జరిగిన రెండో కచేరీకి బజ్‌కాక్స్ వేదిక ఎక్కింది. డ్రమ్స్ వాయించిన జాన్ మాహర్‌కు అప్పటికి పదహారేళ్లు.

ఇంతవరకు ఇది ఏ ఊరి సంగీతానికైనా ఉండదగిన కథే. బృందం పెట్టడం, కచేరీ చేయడం అంతకుముందు ఎందరో చేశారు. ఈ రికార్డు ప్రత్యేకత ఆ తర్వాతి అడుగులో ఉంది. అప్పట్లో రికార్డు తేవాలంటే దారి ఒక్కటే: లండన్‌లోని కంపెనీ మనిషి వచ్చి విని, నచ్చితే సంతకం చేయించుకోవాలి. మాంచెస్టర్ నుంచి లండన్‌కు రెండు వందల మైళ్లు. ఆ మనిషి రాడు. వీళ్లు ఆగలేదు. స్నేహితుల దగ్గర, ఇంట్లోవాళ్ల దగ్గర 500 పౌండ్లు అప్పు చేశారు. న్యూ హార్మోన్స్ అని తామే ఒక లేబుల్ (రికార్డులు తెచ్చే సంస్థ) పేరు పెట్టుకున్నారు. 1976 డిసెంబరు 28న మాంచెస్టర్‌లోని ఇండిగో స్టూడియోలో మూడు గంటల్లో పాటలు రికార్డు చేసి, మరో రెండు గంటల్లో మిక్సింగ్ ముగించారు. మొదట వేయించింది వెయ్యి ప్రతులు. అవి త్వరగానే అయిపోయాయి. పోస్టులో కొన్ని, రికార్డు దుకాణాల ద్వారా కొన్ని, మళ్లీ మళ్లీ అచ్చు వేయించి మొత్తం పదహారు వేల దాకా అమ్మారు. 1979లో పునర్విడుదలైనప్పుడు బ్రిటిష్ అమ్మకాల పట్టికలో 31వ స్థానానికి కూడా చేరింది.

స్టూడియోలో కూర్చుని ఈ రికార్డును తీర్చిన మార్టిన్ హానెట్ పేరు అట్ట మీద 'మార్టిన్ జీరో' అని ఉంటుంది. జాయ్ డివిజన్ రికార్డులకు, ఖాళీ గదుల్లో ప్రతిధ్వనించే ఆ చల్లని నాదాన్ని సమకూర్చినవాడు ఇతడే. ఆ రికార్డులు విని హానెట్ పేరు తెలుసుకున్నవారు దీన్ని విని ఆశ్చర్యపోతారు, బహుశా నిరాశపడతారు. ఇందులో ప్రతిధ్వని లేదు, ఖాళీ లేదు. గదిలో నలుగురు ఒకేసారి వాయిస్తున్నప్పుడు తలుపు తీసుకుని లోపలికి వెళితే ఎలా ఉంటుందో అలా ఉంది.

ఇక అట్ట సంగతి. నా దృష్టిలో పెట్టిన డబ్బులో సగం దీనికే చెల్లు. వెనుక వైపు ప్రతి పాట పేరు పక్కన అది ఎన్నో టేకులో వచ్చిందో, పైన ఏం కలిపారో అచ్చు వేశారు. 'బ్రేక్‌డౌన్' మూడో టేకు, పైన ఏదీ కలపలేదు. మిగిలిన మూడూ మొదటి టేకులే, తర్వాత గిటారు ఒకటి కలిపారు. ఈ ఒక్క వివరానికి ఉన్న బలం ఇన్నేళ్ల తర్వాత కూడా తగ్గలేదు. అప్పటి పెద్ద బృందాలు ఒక్కో పాటకు వారాల తరబడి స్టూడియోలో కూర్చుంటున్న రోజుల్లో, రికార్డు ఎలా తయారవుతుందో కంపెనీవాళ్లకు తప్ప ఎవరికీ తెలియని రోజుల్లో, వీళ్లు తమ లెక్క మొత్తం కొన్నవాడి ముందు పెట్టారు. మొదటిసారి వాయించిందే ఇది. దీనికి పెద్ద విద్య అక్కర్లేదు. నీవూ చేయవచ్చు అని ఎక్కడా రాయలేదు గానీ అట్ట తిప్పిన ప్రతివాడికీ అర్థమయ్యేలా ఉంది. పంక్ పేరుతో వచ్చిన నినాదాలు, చింపిన చొక్కాలు, పిన్నీసులు అన్నింటికన్నా ఈ నాలుగు వరుసల సాంకేతిక సమాచారమే ఎక్కువ పని చేసిందని నా అభిప్రాయం. ఆ తర్వాత రెండు మూడేళ్లలో బ్రిటన్ చిన్న ఊళ్లలో సొంత లేబుళ్లు పుట్టుకురావడానికి ఈ రికార్డు ఒక కారణమని అక్కడి సంగీతకారులే చెబుతారు.

ముందు వైపు నలుగురి నలుపు తెలుపు ఫొటో. బృందం మేనేజరు రిచర్డ్ బూన్ పోలరాయిడ్ కెమెరాతో, పికడిల్లీ ప్రాంతంలోని రాబర్ట్ పీల్ విగ్రహం దగ్గర తీశాడు. పీల్ ఎవరు? 1846లో ధాన్యం సుంకాల చట్టాలను రద్దు చేయించిన ప్రధాని. అంటే ఏ సంఘటనకు గుర్తుగా ఫ్రీ ట్రేడ్ హాలు కట్టారో ఆ సంఘటనకు కర్త విగ్రహం కిందనే ఈ కుర్రవాళ్లు నిలబడ్డారు. ఊరి నడిబొడ్డున విగ్రహం ఉంది గనుక అక్కడ నిలబడ్డారే తప్ప ఇదంతా ఆలోచించి ఉంటారని నేను అనుకోను. అయినా మాంచెస్టర్ వారి స్వేచ్ఛా వాణిజ్యం మన మగ్గాలను ఏం చేసిందో తెలిసిన నేల మీద కూర్చుని చూసేవాడికి ఆ విగ్రహం కంటికి ఆనక తప్పదు. పెద్ద వ్యాపారం ఆ ఊరిని ఎత్తింది, తర్వాత వదిలేసింది. అదే ఊరి పిల్లలు వెయ్యి ప్రతుల చిన్న వ్యాపారం ఒకటి పెట్టుకుని, ఆ పెద్ద వ్యాపారం గుమ్మం ముందే ఫొటో దిగారు.

వినడం దగ్గరికి వస్తే, మొదటి వైపే మేలైనది. 'బ్రేక్‌డౌన్' రెండు నిమిషాల పాట. గిటారు పదునుగా, కాస్త పలచగా ఉంటుంది. బొద్దుగా, గుండ్రంగా ఉండే నాదం కోరుకునేవారికి ఇది చెవిలో గీసినట్టు అనిపిస్తుంది. డివోటో గొంతు ముక్కులోంచి వస్తుంది, మాటలను నమిలి వెటకారంగా వదులుతాడు. ఆ గొంతు నాకు మొదట చిరాకు కలిగించిన మాట వాస్తవం. ఇప్పటికీ పూర్తిగా నచ్చిందని చెప్పలేను. ఈ వైపును నిలబెట్టింది మాహర్ డ్రమ్స్. పదహారేళ్ల కుర్రవాడు ఒక్క దెబ్బ తడబడకుండా, పాట ఎంత పరుగెత్తినా దానికి ఒక అడుగు ముందే ఉంటాడు. తప్పెటగుళ్ల బృందం వేగం అందుకున్నాక రొమ్ముకు కట్టిన గుండు మీద పడే దెబ్బ ఎలా ఒళ్లంతటినీ లాగుతుందో ఎరిగిన మన ప్రాంతం శ్రోత ఈ రికార్డులోకి ప్రవేశించడానికి గొంతు ద్వారం కాదు, ఈ డ్రమ్స్ ద్వారం. మాటలు అర్థం కాకపోయినా నష్టం లేదు. 'టైమ్స్ అప్' కాస్త నిదానం. ఎదురుచూపుల విసుగు మీద నడిచే పాట, ఆ విసుగును మనకు కూడా కొంత అంటిస్తుంది.

రెండో వైపు మొదటి పాట 'బోర్‌డమ్' ఈ రికార్డుకు పేరు తెచ్చిన పాట. అందులో గిటారు ఒంటరిగా వాయించవలసిన చోట షెల్లీ రెండే రెండు స్వరాలను పట్టుకుని అరవై ఆరు సార్లు వాయించాడని లెక్కపెట్టినవాళ్లు చెబుతారు. నేను లెక్కపెట్టలేదు. అది వింటుంటే మొదట నవ్వు వస్తుంది, తర్వాత సహనం పోతుంది, ఆ తర్వాత ఎక్కడో ఒక చోట అది సరిగ్గా అలాగే ఉండాలనిపిస్తుంది. అప్పటి పేరున్న గిటారిస్టులు నిమిషాల తరబడి వేళ్ల విన్యాసం చూపించే అలవాటు మీద విసిరిన ఎత్తిపొడుపు అది. షెల్లీ ఆ రోజుల్లో వాయించినది స్టార్‌వే అనే చవక గిటారు. దాని పైభాగం విరిగిపోతే అలాగే వాడుకున్నాడు. చివరి పాట 'ఫ్రెండ్స్ ఆఫ్ మైన్' గురించి చెప్పడానికి ఎక్కువ లేదు; నాలుగింటిలో బలహీనమైనది అదే.

విజయనగరంలో ఈ రెండు స్వరాల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 1919లో పూసపాటి విజయరామ గజపతిరాజు సంగీత కళాశాల స్థాపించి, ఆదిభట్ల నారాయణదాసును తొలి అధ్యక్షుడిగా కూర్చోబెట్టిన ఊరు ఇది. విద్యార్థిగా చేరదామని వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడిని వయొలిన్ ఆచార్యుడిగా నియమించారన్న కథ ఇక్కడ అందరికీ తెలుసు. ఘంటసాల చదివింది ఇక్కడే. సరళీ వరుసలు దాటడానికే నెలలు పట్టే చోట, నాలుగు శ్రుతులు నేర్చి వేదిక ఎక్కేసినవాళ్ల రికార్డును మెచ్చుకోవడం కొంచెం సాహసమే. మా వీధిలో ఉండే, వయొలిన్ నేర్పి విశ్రాంతి తీసుకుంటున్న మాస్టారికి 'బోర్‌డమ్' వినిపించాను. పూర్తయ్యేదాకా కదలకుండా విన్నారు. "ఎలా ఉంది మాస్టారూ?" అని అడిగితే, "రెండు స్వరాల మీద అంతసేపు నిలబడ్డాడంటే మొండివాడే బాబూ. అతనికి మూడో స్వరం రాక కాదు, కావాలనే ఆగాడు. ఆ డ్రమ్స్ కుర్రాడికి మాత్రం లయ పుట్టుకతో వచ్చింది" అన్నారు. మళ్లీ పెట్టమని మాత్రం అడగలేదు. ఈ రికార్డు మీద నేను చదివిన చాలా వ్యాసాలకన్నా ఆ తీర్పు సరైనదని నాకు తోచింది.

బజ్‌కాక్స్ కథలో విచిత్రం ఏమిటంటే, విసుగు మీద పాట పాడినవాడు పంక్ మీద కూడా అంతే త్వరగా విసిగిపోయాడు. రికార్డు వెలువడిన కొద్ది వారాలకే, 1977 ఫిబ్రవరిలో, డివోటో బృందాన్ని వదిలేశాడు. తర్వాత మ్యాగజీన్ అనే మరో బృందం పెట్టాడు. షెల్లీ ముందుకు వచ్చి పాడడం మొదలుపెట్టాడు, డిగుల్ బేస్ వదిలి గిటారు అందుకున్నాడు. ప్రేమ, భంగపాటు మీద షెల్లీ రాసిన పాటలతో ఆ బృందం పెద్ద పేరు తెచ్చుకుంది. అందువల్ల ఆ తర్వాతి బజ్‌కాక్స్‌ను ఇష్టపడి దీన్ని కొనేవారు ఒక హెచ్చరిక గమనించాలి: ఇందులో షెల్లీ తీయని గొంతు ప్రధానంగా వినిపించదు, ఆ రాగాలు లేవు. ఇది దాదాపు వేరే బృందం. షెల్లీ 2018 డిసెంబరులో మరణించాడు.

రికార్డు చెప్పనిది కూడా చాలా ఉంది. అట్ట మీద ఉన్నది పాత సమాచారమే కనుక, 1976, 77 సంవత్సరాల మాంచెస్టర్ గురించి ఏమీ తెలియని శ్రోతకు ఇందులో ఆధారం దొరకదు. కాలీహర్స్ట్ ప్రాంతంలోని ఎలక్ట్రిక్ సర్కస్ అనే హాలు ఆ రోజుల్లో ఈ బృందాలన్నింటికీ నిలయం. జాయ్ డివిజన్ తన తొలి పేరు వార్సాతో 1977 మే 29న మొదటి కచేరీ చేసింది అక్కడే, ఆ ఏడు అక్టోబరులోనే ఆ హాలు మూతపడింది. ద ఫాల్ బృందం పెట్టిన మార్క్ ఈ. స్మిత్, తర్వాత ద స్మిత్స్‌తో పేరు తెచ్చుకున్న మోరిసీ కూడా లెస్సర్ ఫ్రీ ట్రేడ్ హాలు కచేరీల శ్రోతలే. రేబిడ్ అనే మరో స్థానిక లేబుల్ 1977లోనే మొదలైంది. గ్రెనడా టీవీలో పనిచేసే టోనీ విల్సన్ తన కార్యక్రమంలో సెక్స్ పిస్టల్స్‌కు చోటిచ్చాడు, 1978లో ఫ్యాక్టరీ పేరుతో ముందు క్లబ్బు రాత్రులు, తర్వాత లేబుల్ నడిపాడు. బొమ్మలు కత్తిరించి అతికించే పద్ధతిలో బజ్‌కాక్స్ తర్వాతి రికార్డుకు మరచిపోలేని అట్ట చిత్రం చేసిన లిండర్ స్టెర్లింగ్ లేకుండా ఆ కాలపు మాంచెస్టర్‌ను ఊహించలేము. నలుగురు కుర్రవాళ్ల ఫొటో మాత్రమే చూసేవారికి ఆమె ఉనికే తెలియదు. ఈ కథను ఒక కాగితం మీద అచ్చు వేసి లోపల పెడితే కొన్నవారికి మేలు జరిగేది. పాత వస్తువును ఉన్నది ఉన్నట్టు ఇవ్వాలన్న పట్టుదల అర్థమవుతుంది గానీ, 1977లో కొన్నవాడికి చుట్టూ ఉన్న ఊరే ఆ కాగితం, మనకు ఆ సౌకర్యం లేదు.

ధర మీద నా అసలు అభ్యంతరం కూడా ఇక్కడే చెబుతాను. ఎవరైనా చేయగలరు, ఎవరైనా కొనగలరు అని చూపించడానికి చవకగా తయారైన వస్తువు ఇప్పుడు సేకరణదారుల అల్మారా కోసం తయారవుతోంది. దిగుమతి ఖర్చులతో మన చేతికి వచ్చేసరికి అది మరీ ఎబ్బెట్టుగా ఉంటుంది. 1977 నాటి తొలి ముద్రణ ప్రతుల వెల సంగతి వేరు, వాటి జోలికి మనం పోనక్కర్లేదు.

వాయించే పరికరం గురించి ఒక మాట. మన ఇళ్లలోని పాత పెట్టె ప్లేయర్లలో ముల్లు రికార్డు మీద ఐదు గ్రాముల దాకా బరువు మోపుతుంది. ఇప్పటి ప్లేయర్లలో అది రెండు గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. ఆ పాత ముల్లుతో కొత్త రికార్డు వాయిస్తే కొద్ది కాలానికే గాడులు అరిగి, పైస్థాయి ధ్వనులు పోతాయి. ఈ రికార్డులో ఉన్నదంతా ఆ పైస్థాయి పదునే కనుక అది పోయాక మిగిలేది గోల. 78 వేగపు ప్లేట్ల కోసం చేసిన ముల్లునైతే అసలు తాకించకూడదు. అది ఈ గాడులకు మూడింతలు లావు. నేను గంటస్తంభం దగ్గర రేడియోలు బాగుచేసే పెద్దాయన చేత పాత ప్లేయరుకు కొత్త కార్ట్రిడ్జ్ (ముల్లు అమరి ఉండే భాగం) వేయించుకున్నాను. ఆ ఖర్చు రికార్డు ధరకన్నా తక్కువే అయింది, తేడా మాత్రం మొదటి పాట మొదటి క్షణంలోనే తెలిసింది.

ఎవరు కొనాలి? ప్లేయరు ఉండి, ఒక నగరపు సంగీతం ఎక్కడ మలుపు తిరిగిందో చేతితో పట్టుకుని చూడాలనుకునేవారు కొనవచ్చు. అట్ట వెనుక భాగం వారికి పదేపదే పనికొస్తుంది. సొంతంగా పాటలు కట్టుకుని, పెద్ద ఊళ్ల స్టూడియోల కబురు కోసం ఎదురుచూస్తున్న మన కుర్రవాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి ఒక ప్రతి తెప్పించుకుంటే డబ్బు వృథా కాదు. పాటలు మాత్రమే వినాలనుకునేవారికి డిజిటల్ రూపంలో ఇవే నాలుగు పాటలు నామమాత్రపు ఖర్చుతో దొరుకుతాయి, ధ్వనిలో కోల్పోయేది పెద్దగా లేదు. ఇవి నచ్చి ఇంకా కావాలనిపిస్తే, ఈ రికార్డుకు ముందు 1976 అక్టోబరులో ఇదే నలుగురు చేసిన ముడి రికార్డింగులు 'టైమ్స్ అప్' పేరుతోనే ఒక పూర్తి ఆల్బమ్‌గా ఉన్నాయి. దాన్నీ డొమినో 2017లోనే మళ్లీ తెచ్చింది. అందులో పాటలు ఎక్కువ, పొందిక తక్కువ. ముందుగా దాన్ని కొనమని నేను చెప్పను. ఐదింటికి 'స్పైరల్ స్క్రాచ్' పాటలకు నాలుగు, అట్టకు ఐదు, మన ఊరికి చేరేసరికి అయ్యే ధరకు రెండు మార్కులు వేస్తాను.